అభాలో మా అమ్మ అచ్చు వేసిన త్రికోణాలు

అమ్మ పోయిన నెలకి రాయచోటిలో ఆమె ఇనప్పెట్టె సర్దుతుంటే, అడుగున పాత దుప్పటిలో చుట్టిపెట్టిన అట్టగొట్టం ఒకటి దొరికింది. అందులో దళసరి కాగితం. పరిచి చూస్తే తలుపు రెక్కలో సగం ఉంది. దాని మీద మనిషి లేడు, చెట్టు లేదు, పువ్వు లేదు. త్రికోణాలు, చదరాలు, నిలువు పట్టీలు ఒకదాని అంచుకి ఇంకొకటి అతుక్కుని ఉన్నాయి, మధ్యలో వెంట్రుకంత సందు లేకుండా. నిండు పసుపు, నారింజ, చిలకపచ్చ, ముదురు నీలం, గులాబీ. దుకాణం అరలో కొత్త డబ్బాల మీద కనిపించే రంగులు. నీడలు లేవు, ఒక రంగు ఇంకో రంగులోకి జారడం లేదు. కింద అంచున పెన్సిలుతో అరబీలో ఒక వరస రాసి ఉంది. నా ప్రయాణం ఆ వరస దగ్గర మొదలైంది.

మా అమ్మ పేరు రెడ్డెమ్మ. బేల్దారి పనికి పోయేది, ఇళ్ళకి సున్నం కొట్టేది. నాకు ఆరేళ్ళప్పుడు, నాన్న పోయిన రెండో ఏడు, సౌదీలో అభా అనే కొండమీది ఊరికి ఇంటిపనికి వెళ్ళింది. మధ్యలో ఒక్కసారి సెలవుకి వచ్చి నలభై రోజులు ఉండి పోయింది. నన్ను అవ్వ పెంచింది, అంటే అమ్మ వాళ్ళ అమ్మ. నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా అవ్వ మంచం పట్టింది. మామ టౌనుకి పోయి అమ్మకి ఫోన్ చేశాడు. అమ్మ రాలేదు. కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వలేదని, ఎగ్జిట్ కొట్టలేదని చెప్పింది. కఫీల్ అంటే పనికి పెట్టుకున్న యజమాని. ఆ రోజుల్లో వాళ్ళు ఒప్పుకోనిదే పనివాళ్ళు దేశం దాటడానికి వీల్లేదు. మూడు నెలలకి అవ్వ పోయింది. చివరి వారం నన్నే "రెడ్డీ" అని పిలిచింది. నేను పలికాను. తర్వాత నన్ను మామ ఇంట్లో పెట్టారు. అత్త నన్ను బడి మాన్పించింది. ఏడాది మీద రెండు నెలలు ఆ ఇంట్లో అంట్లు తోమాను. అమ్మ వచ్చేసరికి నాకు పదమూడు దాటాయి. రాత్రి పక్కలో ఆమె చెయ్యి వేస్తే నేను గోడవైపు తిరిగేదాన్ని. అయినా నా కోపం అమ్మ మీద కాదని నాకు నేనే చెప్పుకున్నాను. అభాలో అమ్మని పంపకుండా పట్టుకున్న మేడం ఒకామె ఉంది కదా, ఆమె మీద. పేరు కూడా తెలియని ఆ మనిషిని పాతికేళ్ళు తిట్టుకుంటూ పెరిగాను.

ఇప్పుడు నేను అల్ ఖోబర్‌లో ఉంటాను. మా ఆయన ఒక మెయింటెనెన్స్ కంపెనీలో టెక్నీషియన్. నేను దగ్గర్లోని ఇండియన్ స్కూల్లో లెక్కలు చెబుతాను. సెలవు అయ్యాక ఆ గొట్టాన్ని వెంట తెచ్చుకుని, స్టాఫ్ రూములో మా అరబీ టీచరుకి చూపించాను. ఆమెది హైదరాబాద్. కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది.

"ఇది అచ్చేసినోళ్ళకు ఇచ్చే కాపీ అని రాసిండ్రు. అమ్మేతందుకు కాదు. మీ అమ్మ ప్రింటరా?"

"కాదు. ఇంట్లో పని చేసేది."

"మరి ఆమె పేరే రాసిండ్రు గద, రెడ్డమ్మ అని. పక్కన బొమ్మ గీసినామె సంతకం ఉన్నది."

ఆ సంతకం పట్టుకుని, తెలిసినవాళ్ళ ద్వారా వారం రోజుల్లో మా టీచరే ఆ బొమ్మ గీసినామె ఆచూకీ కనుక్కుంది. డెబ్బై దాటిన పెద్దావిడ. అందరూ ఉమ్మ్ సాలెహ్ అంటారు, అంటే సాలెహ్ వాళ్ళమ్మ. అభాలోనే ఉంది. అమ్మ పని చేసింది ఆమె ఇంట్లోనే. మా టీచరు ఫోనులో అడిగితే ఆమె చెప్పింది ఒకటే మాట: "రమ్మనండి. శనివారం, సాయంత్రం అసర్ నమాజు తర్వాత." నేను మా టీచర్ని అరబీలో ఒక వాక్యం నేర్పమన్నాను. "ఆమెని ఎందుకు వెళ్ళనివ్వలేదు?" అని. ఆమె నా మొహం చూసి, ఎందుకని అడక్కుండా నేర్పింది. నాలుగు రోజులు వంటింట్లో, బస్సులో ఆ వాక్యమే అనుకుంటూ తిరిగాను.

వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం వివరాలు కూడా చెబుతాను. అల్ ఖోబర్ నుంచి దమ్మాం విమానాశ్రయానికి కారులో ముప్పావు గంట పైనే పడుతుంది. ఉదయం ఏడూ యాభైకి విమానం, పదింటికల్లా అభాలో దిగాను. నాలుగు రోజుల ముందే కొన్నా అదృష్టం కొద్దీ రానూపోనూ ఆరు వందల రియాళ్ళ లోపే అయింది. దమ్మాంలో ఉక్కపోతకి చెమట కారుతుంటే, అభాలో మెట్లు దిగేసరికి పళ్ళు కొట్టుకున్నాయి. ఊరంతా మంచు. పది అడుగుల అవతల మనిషి కనపడడు. కారుని రోజంతటికీ మూడు వందల యాభై రియాళ్ళకి ముందే మాట్లాడుకున్నాను. డ్రైవరు పేరు ఖాదర్, ముప్పై ఎనిమిదేళ్ళవాడు. ఫోనులో "మ్యాడం" అంటూ హిందీలో మాట్లాడినవాడు, నేను మా ఆయనతో ఫోనులో మాట్లాడ్డం విని అద్దంలోంచి చూశాడు.

"నువ్వు యా వూరుక్కా?"

"రాయచోటి."

"అట్నా! మాది గాలివీడు. పన్నెండేండ్లాయ ఈడికొచ్చి." అప్పట్నుంచి మ్యాడం పోయి అక్క వచ్చింది. "ఈ మంచు సూసి బయపడాకు. మన హార్సిలీ కొండ మాదిరే. మద్దేన్నానికి ఇడిపోతాది."

సాయంత్రం దాకా సమయం ఉంది కాబట్టి ముందు రిజాల్ అల్మా అనే పాత ఊరు చూడాలనుకున్నాను. అభా నుంచి పడమటికి గంటన్నర లోపు ప్రయాణం. కొండ అంచు నుంచి కింద లోయలోకి దారి పాములా మెలికలు తిరుగుతూ దిగుతుంది, మధ్యలో సొరంగాలు. వానపడితే దారి మూసేస్తారట, ముందురోజే కనుక్కోవడం మంచిది. మలుపుల్లో కోతుల గుంపులు రోడ్డుకి అడ్డంగా కూర్చుని ఉంటాయి. "అద్దం ఎత్తుక్కా, ఇవి బలే దొంగలు. మొన్న ఒగాయప్ప చేతిలో ఫోను పెరుక్కపోయినాయి," అన్నాడు ఖాదర్. నాకు నవ్వు రాలేదు. ఆ అరబీ వాక్యాన్నే లోలోపల మళ్ళీ అనుకున్నాను.

రిజాల్ అల్మాలో నల్లరాతి ఇళ్ళు నాలుగేసి అంతస్తులతో కొండకి ఆనుకుని నిలబడ్డాయి. ఒక ఇంటిని చూడ్డానికి తెరిచి ఉంచారు, టికెట్ ఇరవై రియాళ్ళు. లోపల అతిథుల గది గుమ్మంలో కాలు పెట్టగానే ఆగిపోయాను. అమ్మ పెట్టెలో ఉన్న కాగితం గోడ నిండా ఉంది. తెల్లటి సున్నపు గోడ మీద నడుము ఎత్తువరకు త్రికోణాలు, చదరాలు, నిలువు గీతలు, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఈ అసీర్ ప్రాంతంలో ఇళ్ళ లోపలి గోడలకి రంగులు వేసేది ఆడవాళ్ళే. టికెట్లు ఇచ్చే సౌదీ అమ్మాయి నా వెనకే వచ్చి ఇంగ్లీషులో చెప్పింది, నల్లగీతలు ముందు ఒకామె గీస్తే తర్వాత మిగతావాళ్ళు రంగులు నింపుతారని. పైవరసలో సన్నటి నిలువు గీతలు చూపించి, "మా ఇంట్లో వీటిని బనాత్ అంటాం. అంటే ఆడపిల్లలు," అంది. దగ్గరికి వెళ్ళి చూశాను. గోడమీది గీతలు అక్కడక్కడ వంకరపోయి ఉన్నాయి. ఒక చోట కుంచె ఆగి మళ్ళీ బయలుదేరిన గుర్తు తెలుస్తోంది. గీసిన మనిషి అక్కడే ఉన్నట్టుంది. మా కాగితంలో అలా లేదు. అందులో ప్రతి అంచూ కత్తితో కోసినట్టు ఉంటుంది, వేసిన చెయ్యి ఎక్కడా కనపడదు. ఒకటే నమూనా రెండు చోట్లా ఇంత వేరుగా ఎందుకుందో అప్పటికి నాకు అర్థం కాలేదు.

కింద ఒక హోటల్లో భోంచేశాం. ఇద్దరికీ కలిపి అరవై రియాళ్ళు. అక్కడ తప్పక తినాల్సింది అరీకా. గోధుమరొట్టెని వేడిగా నలిపి, మధ్యలో గుంట చేసి నెయ్యి, తేనె పోసి ఇస్తారు. వంటాయన బంగ్లాదేశ్ మనిషి. నేను రెండు ముద్దలు తిని వదిలేస్తే ఆయన వంటింట్లోంచి బయటికొచ్చాడు. "బెహెన్, అచ్ఛా నహీఁ లగా?" బాగుంది, ఆకలి లేదు అన్నాను. ఆయన నమ్మలేదు. ఇంకో చెంచా తేనె పోసి, తినేదాకా అక్కడే నిలబడ్డాడు.

మూడున్నరకి అభా చేరాం. ఖాదర్ చెప్పినట్టే మంచు విడిచింది, కాని అసర్ అయ్యేసరికి మళ్ళీ కమ్మడం మొదలైంది. ఉమ్మ్ సాలెహ్ ఇల్లు ఊరికి కొద్దిగా పైన, ఒక వీధి చివర. నాకు అరబీ రాదు, ఆమెకి అరబీ తప్ప రాదు, అందుకని ఖాదర్‌ని లోపలికి రమ్మని బతిమాలాను. ఆమె కూడా సరేనంది. ఖాదర్ తలుపు దగ్గరే, చెప్పులు విడిచిన చోట కూర్చున్నాడు. ఉమ్మ్ సాలెహ్ పొట్టి మనిషి. నల్ల అబాయా మీద ఊలు శాలువా కప్పుకుని ఉంది. నేను సలాం చెప్పేలోపే రెండు చేతులతో నా మొహం పట్టుకుంది. "బింత్ రిదా," అంది. రిదా కూతురా అని. ఆ ఇంట్లో రెడ్డెమ్మ అనడం ఎవరికీ రాక అమ్మని రిదా అన్నారట. ఏడేళ్ళు మా అమ్మ ఆ పేరుకి పలికింది.

గదిలో ఒక గోడకి ఆరు బొమ్మలు వరసగా తగిలించి ఉన్నాయి. ఆరింటిలోనూ ఒకటే అల్లిక, మా కాగితంలో ఉన్నదే. రంగులు మాత్రం దేనికవే. ఒకటి పసుపు మీద నీలం, ఒకటి గులాబీ మీద ఆకుపచ్చ. ఆమె వాటి ముందు నిలబడి చెప్పిందంతా ఖాదర్ ముక్కముక్కగా తెలుగులోకి తెచ్చాడు. పెళ్ళైన కొత్తలో భర్త ఉద్యోగం కోసం కైరోలో ఉన్నప్పుడు ఆమె స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకుంది. మన దగ్గర శుభలేఖలు వేసే పద్ధతే. చట్రానికి బిగించిన సన్నటి గుడ్డ, దానిలో నమూనా వరకు మాత్రం రంధ్రాలు తెరిచి ఉంటాయి. పైన రంగు పోసి, రబ్బరు అంచున్న చెక్కతో ఒక్క లాగు లాగితే కింద కాగితం మీద అచ్చు పడుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో చట్రం. అక్కడ ఆమె గురువు పాప్ ఆర్ట్ ప్రింట్ల పుస్తకాలు చూపించేవాడట. సరుకుల డబ్బాలు, సినిమావాళ్ళ మొహాలు, ఒకటే బొమ్మ పది రంగుల్లో పది సార్లు. ఆ దారిలోనే ఇంకొందరు బొమ్మల్ని కూడా తీసేసి ఉత్త చదరాలూ పట్టీలూ మిగిల్చారు, అవే దుకాణపు రంగులతో. వాటిని చూసినప్పుడు ఆమెకి వాళ్ళమ్మ అభాలో గోడలకి వేసేవి గుర్తొచ్చాయి.

"గోడని తెచ్చి కాగితం మీద పెట్టాలనుకున్న్యాదంట," అన్నాడు ఖాదర్. "గోడ మీద అయితే యేసినోళ్ళ చెయ్యి కనపడతాది. ఈటిలో కనపడగూడదంట. డబ్బా మీద అచ్చు మాదిరి ఉండాలంట. దానికి శానా గట్టి చెయ్యి కావాలంట, ఒగే బరువు, ఈ చివర నుంచి ఆ చివరికి. ఈమె చెయ్యి నిలవలా. మీయమ్మది నిలిచినాదంట."

అమ్మ మొదట్లో చట్రాలు కడిగేదట. ఒకరోజు ఉమ్మ్ సాలెహ్ లాగింది సరిగ్గా పడక విసుక్కుంటే, అమ్మ చెక్క తీసుకుని, అడక్కుండానే, చట్రం పైనుంచి కిందిదాకా ఒక్క లాగు లాగింది. ఎక్కడా పలచన లేదు, ఎక్కడా ముద్ద లేదు. గోడలకి సున్నం కొట్టిన చెయ్యి కదా. అప్పట్నుంచి ప్రతి ప్రింటూ అమ్మే లాగింది. రంగులు ఏవి కావాలో తేలనప్పుడు అమ్మ వంటింట్లోంచి పాలపొడి డబ్బా, బట్టల సబ్బుపొడి అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టిందట, ఈ పసుపు, ఈ నీలం అని. గోడమీద ఉన్న మొదటి బొమ్మలో ముందుగా కంటికి కనపడేవి ఆ రెండు రంగులే. ఉమ్మ్ సాలెహ్ ఇది చెబుతూ నవ్వింది. నేను కూడా నవ్వబోయాను. మా అమ్మ ఒక గదిలో నిలబడి, ఒకామెకి ఇదిగో ఈ పసుపు అని చెప్పడం నేను ఊహించలేకపోయాను. మా ఇంట్లో అమ్మ ఏ చీర కొనాలన్నా మామని అడిగేది.

నవ్వు పూర్తిగా రాకముందే అవ్వ మంచం గుర్తొచ్చింది. నేర్చుకున్న వాక్యం బయటికి వచ్చేసింది. "లేష్ మా ఖల్లీతీహా తిర్జా?"

ఆమె ఖాదర్ వైపు చూసింది, నేను అడిగింది అదేనా అన్నట్టు. ఖాదర్ తల ఊపాడు. ఆమె కూర్చుంది. చాలాసేపు మాట్లాడింది, మెల్లగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఖాదర్ వింటూ వింటూ తల దించుకున్నాడు. ఆమె ఆపింది.

"ఏమంది ఖాదర్?"

"అక్కా, ఇది నేను చెప్పాల్నా?"

"చెప్పు."

"టికెట్టు తీసినా అంటాండాది. ఎగ్జిట్ రీఎంట్రీ కొట్టిచ్చినా అంటాండాది. ఫోను వచ్చిన మూడోనాడే. మీయమ్మే పోలేదంట అక్కా."

అబద్ధం అన్నాను, తెలుగులోనే. ఆమెకి ఆ మాట అర్థమైందో లేదో, లేచి లోపలికి వెళ్ళి ఒక ఫైలు తెచ్చింది. అందులో రంగుల చీటీలు, కొలతలు, మరకలు పడిన కాగితాలు. వాటి మధ్యలోంచి ఒక పాత విమాన టికెట్ తీసి ఇచ్చింది, వెనక ఎర్రటి కార్బన్ ఉండే రకం. దాన్ని చదవడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. రెడ్డెమ్మ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. అభా నుంచి జెద్దా, జెద్దా నుంచి మద్రాసు. ఒక్క ముక్క కూడా చింపలేదు.

అప్పుడు జరిగిందేమిటో ఖాదర్ నోట విన్నాను. ఒక్కో బొమ్మకి పదకొండు రంగులు, నలభై కాగితాలు. ఫోను వచ్చేసరికి ఆరో బొమ్మకి ఏడు రంగులు పడ్డాయి, నాలుగు మిగిలాయి. "పది దినాలు, అయిపోతానే పోతా అన్న్యాదంట. వేరేవాళ్ళు లాగితే బరువు మారిపోతాది, అంతా పాడైతాది అన్న్యాదంట." కాని ఆ ఏడు మంచు ముందే దిగింది. మంచుకి కాగితం తడి పీల్చి సాగుతుంది. సాగితే రంగు అంచు అంచుకి కలవదు, మధ్యలో తెల్లటి సందు వస్తుంది. ఎండ కాసిన గంటల్లోనే అచ్చు వేయాలి. పది రోజుల పని మూడు నెలలైంది. రోజూ పొద్దున అమ్మ కిటికీ తీసి మంచు చూసేదట. పదకొండో రంగు ఆరుతుండగా అవ్వ పోయిందని కబురు వచ్చింది.

"అప్పుడన్నా పంపొచ్చు కదా?" అన్నాను.

ఖాదర్ అడిగాడు. ఆమె సమాధానం చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

"ఇంగొగ తూరి టికెట్టు తీస్తా అన్న్యాదంట. మీయమ్మ వద్దన్న్యాదంట. ఏ మొగం పెట్టుకోని పోవాల, బిడ్డకి ఏం చెప్పాల అని ఏడ్చినాదంట. కాంట్రాక్టు అయ్యేదాకా ఈడ్నే ఉంటా అన్న్యాదంట." అతను ఆమె వైపు చూసి మళ్ళీ అందుకున్నాడు. "ఈమె ఇంగొగ మాట చెప్తాండాది. నేను గట్టిగా పంపాల్సింది, పంపలా అంటాండాది. నాకూ ఆ బొమ్మలు కావాలనే ఉన్న్యాది అంటాండాది."

నేను టికెట్ పట్టుకుని కూర్చున్నాను. అవ్వ పోయాక ఏడాది పైగా, మామ ఇంటి వెనక అంట్ల దగ్గర, ఒక దేశం, ఒక చట్టం, ఒక దుర్మార్గురాలు కలిసి మా అమ్మని కట్టేశారనుకుని ఓర్చుకున్నాను. ఎవరూ కట్టేయలేదు. అమ్మకి తన చెయ్యి నిలిచే పని ఒకటి దొరికింది. దాన్ని సగంలో వదల్లేక పది రోజులు అడిగింది. ఆ పది రోజులు అవ్వనీ నన్నూ తినేశాయి. అప్పుడు అమ్మ మీద కోపం వచ్చింది, ఇన్నేళ్ళు రావాల్సినదంతా ఒకేసారి. తిట్టడానికి ఆమె లేదు.

ఉమ్మ్ సాలెహ్ నన్నే చూస్తోంది. "నేనే పంపలేదని రిదా మీకు చెప్పిందా?" అని అడిగింది. అవునన్నాను. మీ ఊరంతా నన్ను తిట్టిందా అంది. అవునన్నాను. ఆమె కాసేపు శాలువా అంచు నలిపింది.

"ఫర్వాలా, నా మీదే ఉండనీ అంటాండాది," అన్నాడు ఖాదర్. "బిడ్డ తల్లిని తిట్టుకోకుండా ఉన్న్యాది కదా ఇన్నేండ్లు అంటాండాది."

తర్వాత ఆమె ఒక్క ప్రశ్న అడిగింది. ఊరికి వెళ్ళాక రిదా మళ్ళీ అచ్చు వేసిందా అని. ఆమె గొంతులో ఆశ ఉంది. రాయచోటి బస్టాండు పక్కన శుభలేఖలు అచ్చువేసే దుకాణాలు రెండు మూడు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో పని చేసింది అని చెబితే ఆ ముసలావిడకి ఎంత తృప్తిగా ఉండేదో. కాని ఆ రోజుకి నాకు అబద్ధాలు చాలు. లేదన్నాను. వచ్చిన వారానికే మళ్ళీ సున్నం బ్రష్షు పట్టిందని, మోకాళ్ళు పోయేదాకా అదే చేసిందని, స్క్రీన్ అన్న మాట కూడా మా ముందు ఎన్నడూ అనలేదని చెప్పాను. ఖాదర్ అదంతా అరబీలో చెప్పడానికి చాలా తక్కువ మాటలు వాడాడు. ఉమ్మ్ సాలెహ్ గోడవైపు తిరిగి ఏడ్చింది, చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ. నేను పక్కకి జరిగి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో తెలియదు. ఆమెని క్షమించడానికి ఆమె చేసిన తప్పేమిటో నాకు తేలలేదు. పొద్దుగుంకి మగ్రిబ్ బాంగు వినిపించేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

ఎనిమిదీ నలభైకి తిరుగు విమానం. విమానాశ్రయానికి పోయే దారిలో మంచులో కారు నత్తలా నడిచింది. ఖాదర్ వైపర్లు వేసి అద్దం తుడిచాడు. ఊరు దాటాక, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా అన్నాడు: "నాకూ పాప ఉండాది అక్కా, తొమ్మిదేండ్లు. ఈ రంజానుకు రా అని ఏడ్చినాది. బండి ఓనరు సెలవ ఇయ్యలా అని చెప్పినా. ఆయప్ప పోరా అనే అన్న్యాడు. పోతే మళ్ళ రాబుద్ది కాదని బయపడి నేనే పోలా." నిజం చెప్పు అందామనుకున్నాను. చెబితే ఆ పాపకి ఏం మిగులుతుందో నాకు ఆ సాయంత్రమే తెలిసింది, అందుకని అనలేకపోయాను. దిగేటప్పుడు అతను నా సంచి అందిస్తూ, "మనసులో పెట్టుకోవద్దుక్కా," అన్నాడు. ఏ సంగతి గురించి అన్నాడో నేను అడగలేదు.

ఇది రాసేటప్పటికి అభా నుంచి వచ్చి మూడు వారాలైంది. అమ్మని క్షమించానా అని మా ఆయన అడిగారు. నాకు తెలియడం లేదు. పన్నెండేళ్ళ పిల్లగా ఆలోచిస్తే లేదు. నాకూ ఇప్పుడు పిల్లలున్నారు, నాకూ ఒక పని ఉంది, అలా ఆలోచిస్తే కిటికీ తీసి మంచు చూస్తున్న అమ్మ కనపడుతుంది. వీటన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. నేను అల్ ఖోబర్ వచ్చి ఆరేళ్ళు. అందులో ఐదేళ్ళు అమ్మ బతికే ఉంది. ఒకసారి ఫోనులో, "మీకు అభా దూరమా మే?" అని అడిగింది. "రెండు గంటల విమానం. ఎందుకు?" అన్నాను. "ఊరికే," అంది. కూర మాడుతోందని నేను ఫోను పెట్టేశాను.

చివరగా, అభా వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగిన సలహా ఒకటే. మీ ఇంట్లో ఒకప్పుడు ఇక్కడ పని చేసి వెళ్ళినవాళ్ళు ఉంటే, ఒంటరిగా వెళ్ళకండి. కుటుంబంతో ఇక్కడ ఉంటున్నవాళ్ళు అమ్మానాన్నలకి ఫ్యామిలీ విజిట్ వీసా పెట్టుకోవచ్చు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మీ ఇకామా, అంటే నివాస కార్డు, మీదున్న వృత్తికి వీలవుతుందో లేదో ముందు చూసుకోండి. వాళ్ళకి మంచి స్వెటరు కొనండి, విమానంలో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. అభాలో దిగాక ఎటు పోవాలో వాళ్ళనే చెప్పనివ్వండి.